ఓవర్‌హాల్ చేసిన కార్బురేటర్ అని కొన్నాను, మీరు కొనేముందు ఇది చదవండి

పాత చిన్న విమానానికి కార్బురేటర్ (గాలిలో ఇంధనం కలిపి ఇంజన్‌కి పంపే భాగం) వెతుకుతున్నవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త ఆగండి. "పూర్తిగా ఓవర్‌హాల్ అయింది, బిగించి ఎగరడమే" అన్న మాట నమ్మి నేనొకటి కొన్నాను. డబ్బు సంగతి అలా ఉంచండి, ఇంజన్‌కి నిప్పంటుకోకపోవడం మా అదృష్టం.

మాది 1946 నాటి రెండు సీట్ల విమానం. 65 హార్స్‌పవర్ కాంటినెంటల్ ఏ-65 ఇంజన్, దాని కింద స్ట్రాంబర్గ్ ఎన్‌ఏ-ఎస్3 కార్బురేటర్. పైపర్ కబ్, ఏరోంకా చాంప్, టేలర్‌క్రాఫ్ట్ ఉన్నవాళ్లకి ఈ జంట బాగా పరిచయమే. మా పాతదానికి థ్రాటిల్ షాఫ్ట్ అరిగి లూజైపోతే, అమ్మకానికి కనిపించిన ఇంకోటి తెప్పించాం. పార్సిల్ విప్పితే తోమిన గిన్నెలా తళతళలాడుతోంది. ఓవర్‌హాల్ అయిందని చెప్పే పసుపు ట్యాగ్ ఒకటి వేలాడుతోంది. అది చూసే పడిపోయాను.

బిగించిన రోజే తేడా తెలిసింది. ఐడిల్‌లో ఇంజన్ బరువుగా తిరుగుతోంది, ఎగ్జాస్ట్‌లో నల్లపొగ. రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి థ్రాటిల్ తోస్తే దగ్గి, తటపటాయించి, ఆ తర్వాతే అందుకునేది. అమ్మినతనికి ఫోన్ చేశాను. "ముందు మాగ్నెటోలు (ప్లగ్గులకి కరెంటు ఇచ్చేవి) చూసుకోండి సార్, కార్బురేటర్ అని వచ్చే కంప్లయింట్లు చాలావరకు ఇగ్నిషన్‌వే" అన్నాడు. ఆ మాట అబద్ధం కాదు, చిక్కంతా అక్కడే. నిజమే కదా అని రెండు వారాంతాలు దాని వెంటే పడ్డాం.

మాగ్నెటోలు ఒక్కొక్కటిగా చూస్తే రెండింటి డ్రాప్, అంటే ఒక్కదాని మీదే నడిపితే తగ్గే ఆర్‌పీఎం, దాదాపు సమానం, పరిమితిలోనే ఉంది. ప్లగ్గులు విప్పితే అన్నిటి మీదా పొడి మసి, అంటే ఇంధనం ఎక్కువవుతోందన్నమాట. ఇన్‌టేక్ పైపుల రబ్బరు గొట్టాల దగ్గర గాలి లీకైతే మిశ్రమం పలచబడుతుంది, ఇక్కడ జరుగుతున్నది దానికి సరిగ్గా ఉల్టా. స్టార్ట్ చేసేముందు ఇంజన్‌లోకి ఇంధనం చిమ్మే ప్రైమర్ లీకైనా ఇలాగే నల్లపొగ వస్తుంది కాబట్టి దాని లైన్ విప్పి చివర మూసేసి చూశాం. మార్పు లేదు.

ఐసింగేమో అన్నాడు తోటి పైలట్ ఒకాయన. కొట్టిపారేయాల్సిన మాట కాదు. గాలిలో తేమ బాగా ఉంటే బయట 38 డిగ్రీల సెల్సియస్ ఉన్నా కార్బురేటర్‌లో మంచు కట్టొచ్చు. కానీ మంచే అయితే కార్బ్ హీట్ (కార్బురేటర్‌కి వేడిగాలి పంపే మీట) లాగినప్పుడు ఆర్‌పీఎం ముందు పడి, కరిగాక మళ్లీ లేస్తుంది. మాది పడిపోయి అక్కడే ఉండిపోయింది, పైగా రఫ్‌నెస్ ఎక్కువైంది. వేడిగాలి పలచగా ఉంటుంది, అప్పటికే ఎక్కువైన ఇంధనం దానివల్ల ఇంకా ఎక్కువైపోతుంది. అప్పుడే నా అనుమానమంతా కార్బురేటర్ బౌల్‌లో తేలుతూ ఇంధన మట్టాన్ని అదుపు చేసే ఫ్లోట్ మీదికి వెళ్లింది.

ఆ రాత్రి ఫ్యూయల్ వాల్వ్ తెరిచే ఉంచి, కార్బురేటర్‌కి గాలి అందించే ఎయిర్‌బాక్స్ కింద ఒక తెల్ల ప్లేటు పెట్టి, హ్యాంగర్‌లోనే కూర్చున్నాం. పావుగంటలో ఒక బొట్టు. తర్వాత ఇంకోటి. ఆరిన చోట లేత నీలం మరక, విమాన పెట్రోలు 100ఎల్‌ఎల్ రంగు అదే. వాల్వ్ కట్టేస్తే బొట్టు ఆగిపోయింది, తెరిస్తే మళ్లీ మొదలు. అంటే ఆగివున్న ఇంజన్‌లో, ఫ్లోట్ లేచినప్పుడు దారి మూయాల్సిన నీడిల్ ఇంధనాన్ని ఆపలేకపోతోంది, మట్టం నాజిల్ దాటి కిందికి కారుతోంది. ఎయిర్‌బాక్స్‌లో అలా చేరిన ఇంధనం ఉండగా స్టార్ట్ చేసేటప్పుడు ఒక్క బ్యాక్‌ఫైర్ వస్తే చాలు. అప్పటికి అలా ఎన్నిసార్లు స్టార్ట్ చేశామో తలుచుకుంటే ఇప్పటికీ టెన్షనే.

విప్పాం. నీడిల్ మొన చుట్టూ గోరుకి తగిలేంత గాడి. పాత నీడిలే, అది ఆనుకునే సీటూ పాతదే. గాస్కెట్ మాత్రం కొత్తది, బయటికి కనిపించేది అదొక్కటే కదా! ఈ మోడల్‌కి బౌల్ అంచు నుంచి 13/32 అంగుళం, అంటే దాదాపు 10 మిల్లీమీటర్ల కింద ఉండాల్సిన ఇంధన మట్టం ఇంచుమించు అంచు దాకా వచ్చింది. బౌల్ అడుగున సన్నటి ఇసుక లాంటి పొడి. బయట మెరుపు కోసం గాజుపూసలతో బ్లాస్ట్ చేసి, లోపల దారులు కడగలేదన్నమాట. ఫ్లోట్ చెవి దగ్గర ఊపితే లోపల చప్పుడు లేదు, వేడినీళ్లలో ముంచితే బుడగ రాలేదు. మొత్తమ్మీద బాగున్నది అదొక్కటే.

మళ్లీ ఫోన్ చేస్తే, "మీరు విప్పారు కదా, ఇక వారంటీ లేదు" అన్నాడు. ఇక్కడ తప్పు నాదే. మరక కనిపించగానే ఫొటోలు, వీడియో తీసి, రాతపూర్వకంగా అడిగి, జవాబు వచ్చాకే రెంచి పట్టుకోవాల్సింది. చివరికి వాదించి వాదించి సగం డబ్బు తీసుకుని వెనక్కి పంపేశాను.

కొనేవాళ్లు ట్యాగ్ రంగు చూసి మోసపోవద్దు, పసుపు రంగుకి చట్టంలో ఏ విలువా లేదు. అమెరికా నిబంధనల్లో పార్ట్ 43 ప్రకారం ఓవర్‌హాల్ అంటే విప్పి, శుభ్రం చేసి, తనిఖీ చేసి, అవసరమైనవి బాగుచేసి, మళ్లీ కూర్చి, టెస్ట్ చేయడం. ఆ చివరి మాట గుర్తుపెట్టుకుని, ఫ్లోట్ మట్టం ఎంతకి సెట్ చేశారో అంకె అడగండి. ఎవరు చేశారు, ఏయే భాగాలు మార్చారు అని సంతకంతో వర్క్ ఆర్డర్ అడగండి. రిపేర్ స్టేషన్‌లో చేయించామంటే 8130-3 ఫారం (అధికారిక రిలీజ్ సర్టిఫికెట్) అడిగి, అందులోని సీరియల్ నంబర్‌ని కార్బురేటర్ ప్లేటు మీది నంబర్‌తో పోల్చుకోండి. నా ట్యాగ్ మీద ఆ గడి ఖాళీగా ఉందని పార్సిల్ వచ్చిన రోజే చూశాను, చూసీ వదిలేశాను.

ఇంకో మాట. మిక్స్చర్ మీట లాగినా ఇంజన్ ఆగడం లేదని మాత్రం ఎవరితోనూ గొడవపడకండి. ఈ స్ట్రాంబర్గ్‌కి ఐడిల్ కటాఫ్ (ఇంధనాన్ని పూర్తిగా ఆపే ఏర్పాటు) ఉండదు, మాగ్నెటోలు కట్టేసే ఆపాలి. ఆ పాయింట్ మీద నేనూ ఒకసారి అరిచి నవ్వులపాలయ్యాను.

పోయిన వారం ఒక ప్రకటన కంటబడింది. "ఫ్రెష్ ఓవర్‌హాల్" అట. ఫొటో పెద్దది చేసి చూస్తే, డ్రెయిన్ ప్లగ్ పక్కన మా రెంచి జారి పడిన గీత అలాగే ఉంది. ట్యాగ్ మీద సీరియల్ నంబర్ గడి ఇప్పటికీ ఖాళీయే.