రూపాయి విలువకు ఏది మేలు: వెండి నాణెమా, రిజర్వు బ్యాంకా?

నోటు మీద గవర్నరు చేసిన వాగ్దానాన్ని నమ్మి వంద రూపాయల కాగితాన్ని రిజర్వు బ్యాంకు కౌంటరులో ఇస్తే, చేతికొచ్చేది మరో వంద నోటు, లేదంటే చిల్లర. వెనుక లోహం లేదు గనుకనే రూపాయి కరుగుతోందని, కేంద్ర బ్యాంకు లేని రోజుల్లో డబ్బు విలువ నిలిచేదని చాలామంది అంటారు.

రిజర్వు బ్యాంకు 1935లో వచ్చింది. అంతకు ముందు శతాబ్దంలో రూపాయి అంటే వెండే. అయినా 1871లో ఇంగ్లండు డబ్బులో సుమారు 23 పెన్నీలు పలికిన రూపాయి 1892-93 నాటికి 15 పెన్నీలకు దిగింది. జర్మనీ బంగారానికి మారి తన వెండిని అమ్ముకోవడం, అమెరికా గనుల్లో వెండి విరివిగా దొరకడం ఇందుకు కారణాలు. చివరకు ప్రజలు తెచ్చిన వెండిని నాణేలుగా ముద్రించి ఇచ్చే పద్ధతిని ప్రభుత్వం 1893లో ఆపేసింది. ఇది విదేశీ మారకపు లెక్కే, దేశంలో ధరలు అంత వేగంగా పెరగలేదు. కానీ లోహానికి కట్టిన డబ్బు గనుల దయపై ఆధారపడుతుందని మాత్రం తేలింది.

అలాగని బ్యాంకు ఉంటే చాలదు. 1955 నుంచి 1997 మార్చి వరకు కేంద్ర ప్రభుత్వ ఖాతాలో నిల్వ తగ్గినప్పుడల్లా, తాత్కాలిక ట్రెజరీ బిల్లులు (ప్రభుత్వం రాసిచ్చే స్వల్పకాలపు అప్పు పత్రాలు) పుచ్చుకుని రిజర్వు బ్యాంకు కొత్త డబ్బుతో దాన్ని నింపేది. 1974-75లో టోకు ధరలు సుమారు 25 శాతం పెరగడానికి కరువు, చమురు కూడా కారణాలే గాని, అడిగినప్పుడల్లా తెరుచుకునే ఆ ఖజానాను నిర్దోషి అనలేం.

నా మొగ్గు 2016లో రిజర్వు బ్యాంకు చట్టాన్ని సవరించాక వచ్చిన ఏర్పాటు వైపు. ధరల పెరుగుదల 4 శాతం, అటూఇటూ 2 శాతం లోపు ఉండాలి. వరుసగా మూడు త్రైమాసికాలు ఈ హద్దు తప్పితే రిజర్వు బ్యాంకు ప్రభుత్వానికి సంజాయిషీ రాయాలి. 2022లో అలాగే రాయాల్సి వచ్చింది, ఆ లేఖను ప్రజలకు మాత్రం చూపలేదు. బ్యాంకులకు తానిచ్చే అప్పుపై వడ్డీ అయిన రెపో రేటును రిజర్వు బ్యాంకు 4 నుంచి 6.5 శాతానికి పెంచినా, 2023 జూలైలో మదనపల్లె మార్కెట్టులో కిలో టమాటా వంద దాటింది. వడ్డీ రేటుతో టమాటా పండదు. పైగా లక్ష్యం నూటికి నూరుపాళ్లు నెరవేరినా, ఏటా 4 శాతం చొప్పున పద్దెనిమిదేళ్లకు వంద రూపాయల కొనుగోలు శక్తి సగమవుతుంది. ఈ అరుగుదలను చట్టమే ఒప్పుకుంది.