లండన్‌లో ఎంబ్రాయిడరీ హిస్టరీ స్టడీ డే – మగ్గం వర్క్ ఇష్టమున్నవాళ్లు వదులుకోవద్దు

మధ్యయుగం నాటి ఇంగ్లిష్ ఎంబ్రాయిడరీ మీద ఒకరోజు క్లాస్‌కి వెళ్లొచ్చాను. పొద్దున లెక్చర్, మధ్యాహ్నం వీ అండ్ ఏ (విక్టోరియా అండ్ ఆల్బర్ట్) మ్యూజియంలో అసలు వస్త్రాల ముందే వివరించడం. టికెట్ చవకేం కాదు, అయినా పెట్టిన డబ్బుకి న్యాయం జరిగింది.

ఈ పనితనాన్ని ఓపస్ ఆంగ్లికానమ్ అంటారు, అప్పట్లో యూరప్ అంతా దీనికోసం ఎగబడేది, 1295లో వాటికన్ తన దగ్గరున్న వస్తువులకి రాయించుకున్న జాబితాలో కూడా ఎంబ్రాయిడరీల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది ఇదే. సరే, ఇలాంటివి నెట్‌లోనూ దొరుకుతాయి. మేడమ్ ఒక్కో కుట్టునీ విడమర్చి చెప్పిన తీరు మాత్రం ఎక్కడా దొరకదు.

మన మగ్గం వర్క్‌లో జరీని గుడ్డ మీద పరిచి సన్నదారంతో పైనుంచి బిగిస్తారు కదా, ఆ ఇంగ్లిష్ పనివాళ్లు అలా కాదు, వెనకాల నార దారం పెట్టుకుని దాంతో జరీని రవ్వంత కిందికి లాగేస్తారు, కాబట్టి బిగించిన దారం పైకి కనపడదు, రాపిడికి తెగదు, పైగా లాగిన ప్రతిచోటా గుడ్డ వంగుతుంది, అంత బంగారపు పని ఉన్నా అట్టలా బిగుసుకుపోదు! 1310-20 ప్రాంతంలో కుట్టిన సయాన్ కోప్ అనే, చర్చి ఫాదర్లు కప్పుకునే పైవస్త్రం మ్యూజియంలో ఉంది, దగ్గరికెళ్లి దానిమీద కుట్టిన బొమ్మల మొహాలు చూడండి, బుగ్గల మీద పట్టుదారం గుండ్రంగా తిరుగుతూ వెళ్తుంది, ఆ తిరుగుడుకే బుగ్గ ఉబ్బెత్తుగా కనిపిస్తుంది.

నాకు బాగా నచ్చింది మేబెల్ అనే ఆవిడ గురించి చెప్పడం. ఇంగ్లండ్ రాజు మూడో హెన్రీకి ఎంబ్రాయిడరీ కుట్టిపెట్టిన మనిషి, 1256లో రాజు ఆమెకి గుడ్డ, కుందేలు బొచ్చు ఇప్పించినట్టు రికార్డు ఉంది. మన దగ్గర వేలకి వేలు పోసి బ్లౌజులు చేయించుకుంటాం, కుట్టిన మనిషి పేరు మాత్రం ఎవరం అడగం, అది తలుచుకుంటే బాధేసింది.

మైనస్‌లు కూడా చెప్పాలి. గ్రూప్ మరీ పెద్దది, మ్యూజియంలో వెనక నిలబడ్డవాళ్లకి సగం వినపడలేదు. చివర్లో ఆ కుట్టు మనచేత వేయిస్తామన్నారు గానీ టైమ్ చాలక హడావిడిగా ముగించేశారు, నాది నాలుగు వరసలు కూడా అవ్వలేదు. భోజనం మనదే.

5కి 4 ఇస్తాను. వెళ్లేవాళ్లు గ్యాలరీలో ముందు వరసలో నిలబడండి, నోట్స్‌కి పెన్సిల్ తీసుకెళ్లండి. లైట్లు బాగా తక్కువ ఉంటాయి, రంగులు వెలిసిపోకుండా అలాగే ఉంచుతారు, కళ్లు అలవాటుపడేదాకా కదలొద్దు.