సీనియర్ పక్కన నిలబెట్టాలా, కోర్సుకు పంపాలా?

హైదరాబాద్ బాలానగర్‌లో మాదో చిన్న మెషీన్ షాపు, లోహపు భాగాలు కోసి సైజుకు తెస్తాం. ఐటీఐ కుర్రాళ్లు కొత్తగా చేరిన ప్రతిసారీ ఇదే పంచాయితీ: సీనియర్ పక్కన నిలబెట్టి పని నేర్పాలా, ఇక్కడే 1968 నుంచి ఉన్న కేంద్ర ప్రభుత్వ టూల్ డిజైన్ శిక్షణ సంస్థ సీఐటీడీ లాంటి చోటికి కోర్సుకు పంపాలా?

ఒకప్పుడు ఈ తలనొప్పి మనది కాదు. మెషీన్లు చేసే హెచ్‌ఎంటీ, మందులు చేసే ఐడీపీఎల్ లాంటి ప్రభుత్వ సంస్థలే నేర్పేవి. అక్కడ చేయి తిరిగినవాళ్లు బయటికొచ్చి సొంత షెడ్లు పెట్టుకునేవాళ్లు. ఐడీపీఎల్‌లో పనిచేసిన అంజిరెడ్డి గారే కదా 1984లో డాక్టర్ రెడ్డీస్ మొదలుపెట్టింది! 1991 ఆర్థిక సంస్కరణల తర్వాత పోటీ పెరిగింది, ఆ సంస్థలు చిక్కిపోయాయి, నేర్పే ఖర్చు మా నెత్తిన పడింది.

సీనియర్ దగ్గర నేర్చుకుంటే చేతికి పని త్వరగా వస్తుంది. టూల్ అరిగితే కోత శబ్దం ఎలా మారుతుందో మెషీన్ పక్కన నిలబడితేనే చెవికెక్కుతుంది. కాకపోతే సీనియర్‌కి పీసుల లెక్కన ఇన్సెంటివ్. "వాడికి చెబుతూ కూర్చుంటే నా పీసులెవరు తీస్తారు సార్?" అంటాడు. న్యాయమే.

అసలు చిక్కు ఆర్డర్ మారినప్పుడు బయటపడుతుంది. మా కుర్రాడొకడు ఆరు నెలలు బోర్ పనే, అంటే లోపలి రంధ్రం కోసే పనే చేశాడు. టూల్ అరిగే కొద్దీ బోర్ చిన్నదవుతుంది కాబట్టి ఆఫ్‌సెట్‌లో, అంటే సైజు సరిచేయడానికి మెషీన్‌కి ఇచ్చే అంకెలో, ప్లస్ వేయాలి. వాడికి ఒంటబట్టింది 'తేడా వస్తే ప్లస్' అన్న ముక్క ఒక్కటే. తర్వాత షాఫ్టుల (గుండ్రటి కడ్డీల) ఆర్డర్ వచ్చింది. పైడయా (బయటి వ్యాసం) 0.02 మి.మీ. ఎక్కువొస్తే మైనస్ వేయాల్సింది పోయి ప్లస్ కొట్టాడు. మళ్లీ కొలవకుండా పన్నెండు షాఫ్టులు తీశాడు. నయం, సైజు పెరిగింది కాబట్టి మళ్లీ కోసుకున్నాం. తగ్గి ఉంటే అన్నీ తుక్కే.

ఎందుకు ప్లస్, ఎందుకు మైనస్ అనేది కోర్సులో బొమ్మ గీసి చెబుతారు. కానీ అన్ని వారాలు మనిషి షాపులో ఉండడు. తిరిగొచ్చాక జీడిమెట్లలో ఎవరో రెండు వేలు ఎక్కువిస్తామంటే వెళ్లిపోతాడు. అప్రెంటిస్‌గా తీసుకుంటే స్టైపెండ్‌లో పావు వంతు, నెలకు 1,500 దాకా, కేంద్రం భరించే పథకం 2016 నుంచి ఉంది. అది కొంత ఊరట, అంతే.

నా ఓటు సీనియర్‌కే, ఒక షరతు మీద: నేర్పే రోజుల్లో అతని ఇన్సెంటివ్ తగ్గకూడదు. మేం మూడు నెలల పాటు అతని పాత ఇన్సెంటివ్ సగటు కట్టి ఇస్తున్నాం. శనివారం రెండు గంటలు మెషీన్లు ఆపి డ్రాయింగ్, ఆఫ్‌సెట్ పాఠం. బోర్డు మీద మొదటి బొమ్మ ఆ షాఫ్టుదే. గీసేది కూడా ఆ కుర్రాడే.