లయన్స్ సిరీస్‌కి తీసుకున్న రగ్బీ ప్రివ్యూ యాప్: టాక్టిక్స్ అదుర్స్, ప్రిడిక్షన్స్ మాత్రం దండగ

మూడు స్టార్లు ఇస్తున్నా, ఆ మూడూ టాక్టిక్స్ సెక్షన్‌కే. ప్రిడిక్షన్స్‌కి విడిగా ఇవ్వమంటే అర స్టార్ కూడా ఎక్కువే. యాప్ పేరు రాయట్లేదు, ఎందుకంటే డబ్బులు కట్టించుకునే ప్రివ్యూ యాప్‌లు చాలావరకు ఇదే దారిలో ఉన్నాయి, చదివితే మీకే తెలుస్తుంది.

2025లో బ్రిటిష్ అండ్ ఐరిష్ లయన్స్ (ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్, ఐర్లాండ్ ఆటగాళ్ళు కలిసిన రగ్బీ టీమ్) ఆస్ట్రేలియా టూర్ కోసం తీసుకున్నా. ప్రతి టెస్టుకి ముందు వీడియో క్లిప్పుల మీద గీతలు గీసి చూపిస్తారు, ఒక పెద్ద ఆర్టికల్ ఉంటుంది, కింద ఎవరు గెలుస్తారో ఒక శాతం.

ముందు బాగున్నది చెప్తా. గాల్లో బంతి గురించి రాసిన భాగం ఒక్కటి చాలు పెట్టిన డబ్బులు వసూలే. 2024 చివర్లో రిఫరీలు ఎస్కార్టింగ్ మీద గట్టిగా పడ్డారు కదా, అంటే బంతి పట్టేవాడి ముందు సొంత టీమ్ వాళ్ళు గోడలా నడుస్తూ ఛేజర్‌కి (బంతి వెనక పరిగెత్తుకొచ్చే అవతలి టీమ్ వాడికి) దారి ఇవ్వకపోవడం, అది కట్ చేసేసరికి హై కిక్ కొట్టి పోటీపడి అందుకునే ఆట మళ్ళీ లాభమైపోయింది. ఫస్ట్ టెస్టుకి లయన్స్ వాళ్ళు కీనన్, ఫ్రీమన్, లోవ్ ముగ్గుర్నీ వెనక ఎందుకు పెట్టారో, అటువైపు ఆస్ట్రేలియా సువాలీ ఎందుకంత ప్రమాదమో ఇది చదివాకే అర్థమైంది. తర్వాత మ్యాచ్ చూస్తుంటే బంతి కన్నా ముందు ఛేజర్‌ని చూడటం అలవాటైపోయింది, మంచి అనాలిసిస్ అంటే నా లెక్కలో ఇదే.

బ్రేక్‌డౌన్ (ఆటగాణ్ణి పడేశాక కింద బంతి కోసం జరిగే పోరు) భాగం కూడా సూపర్. మామూలుగా లాక్ (స్క్రమ్‌లో రెండో వరస) ఆడే బియర్న్‌ని 6 నంబర్ ఫ్లాంకర్‌గా దింపి పక్కన టామ్ కర్రీని పెట్టడంలోనే లయన్స్ కోచ్ ఫారెల్ ప్లాన్ మొత్తం ఉందని మ్యాచ్‌కి ముందే చెప్పారు. ఆస్ట్రేలియాకి వలెటిని, స్కెల్టన్ ఇద్దరూ గాయాలతో లేరు, బంతి పట్టుకుని గెయిన్ లైన్ (ఆట మొదలైన చోటు గీత) దాటించే బరువు వాళ్ళదే, వాళ్ళు లేకపోతే రక్‌లో (కింద పడ్డ బంతి మీద గుమిగూడే చోట) ఆలస్యంగా వచ్చే స్లో బాల్ తప్ప ఏమీ రాదన్నారు, బ్రిస్బేన్‌లో హాఫ్ టైమ్‌కి 17-5, చివరికి 27-19 లయన్స్. ఫారెల్ ఒకప్పుడు ఐర్లాండ్‌లో, ఈ సిరీస్‌లో ఆస్ట్రేలియా కోచ్‌గా ఉన్న జో ష్మిట్ కింద డిఫెన్స్ కోచ్ కాబట్టి ఒకరి ట్రిక్కులు ఇంకొకరికి కొట్టినపిండి అని ఒక చిన్న నోట్ కూడా పెట్టారు, అది ఇంకా పెద్దగా రాయాల్సింది.

ఇక్కడిదాకా బానే ఉంది, అసలు కథ ప్రిడిక్షన్స్‌తోనే.

సిరీస్ మొదలవ్వకముందే 3-0 లయన్స్ అని పెద్ద అక్షరాలతో పెట్టేశారు. అరె, ఆస్ట్రేలియాలో లయన్స్ దీనికి ముందు ఆడిన చివరి మూడు సిరీస్‌లు తీస్తే 1989లో 2-1, 2001లో 2-1 (అది ఆస్ట్రేలియా గెలిచింది), 2013లో 2-1. ఒక్క నిమిషం పాత స్కోర్లు చూస్తే చాలు కదా. సరే అది వదిలేద్దాం, మెల్‌బోర్న్ టెస్టుకి వలెటిని, స్కెల్టన్ తిరిగొస్తున్నారని టీమ్ షీట్ వచ్చాక కూడా ఆ శాతం కదల్లేదు. ప్లేయింగ్ లెవెన్ తెలీకుండా క్రికెట్ మ్యాచ్‌కి జోస్యం చెప్పినట్టే ఇది. ఆస్ట్రేలియా ఏకంగా 23-5 లీడ్‌లోకి వెళ్ళిపోయింది. ఎంసీజీలో 90 వేల పైన జనం. హాఫ్ టైమ్‌కే లయన్స్ 23-17కి దగ్గరికొచ్చారు, ఆ ఇద్దరూ బయటికెళ్ళాక ఇంకా దగ్గరై, ఆఖరి నిమిషంలో కీనన్ ట్రైతో (బంతిని అవతలి గీత దాటించి నేలకి తాకించడం) 29-26 లయన్స్. ఆ ఒక్క ట్రై పడకపోతే సిరీస్ 1-1. యాప్ మాత్రం వెంటనే 'మా అంచనా నిజమైంది' అని నోటిఫికేషన్!

అదే మ్యాచ్‌లో ఆ ఆఖరి ట్రైకి ముందు లయన్స్ మోర్గాన్ క్లియరౌట్ (రక్‌లో అవతలి వాణ్ణి బంతి మీంచి నెట్టేయడం) గొడవ ఉంది చూశారా, ఆస్ట్రేలియా టిజానోకి తల మెడ దగ్గర తగిలిందా లేదా, రిఫరీ పియార్డి ట్రై ఇవ్వడం కరెక్టేనా అని. దానికి యాప్ వాళ్ళు రెండు యాంగిల్స్ పెట్టి రూల్ ఏం చెప్తుందో, రెండు వైపుల వాదన ఏంటో చక్కగా రాశారు, ఎవరి పక్షమూ తీసుకోలేదు. ఇంత బుద్ధి ఉన్న టీమే ఆ శాతాలు ఎలా పెడుతోందో మరి.

సిడ్నీలో మూడో టెస్టుకి వర్షం, మెరుపుల వల్ల ఆట మధ్యలో కాసేపు ఆపారు, చివరికి ఆస్ట్రేలియా 22-12తో గెలిచింది. తెల్లారి చూస్తే 3-0 పేజీ మాయం, దాని ప్లేస్‌లో 'లయన్స్ సిరీస్ గెలుపు, మేము ముందే చెప్పాం'. తప్పు ఎవరికైనా పోతుంది, ఇది ఆట. చెప్పిన మాట చెరిపేసి కొత్తది రాయడమే నాకు నచ్చలేదు. సపోర్ట్‌కి రాస్తే థాంక్స్ అని ఆటోమేటిక్ రిప్లై వచ్చింది, అంతే.

మిగతావి మామూలే, క్లిప్పులు లోడ్ అవ్వడానికి టైమ్ తీసుకుంటాయి, నోటిఫికేషన్లు ఆఫ్ చేసుకోండి.

కొత్తవాళ్ళకి సలహా ఏంటంటే, తీసుకోండి గానీ శాతం కనపడగానే పైకి స్క్రోల్ చేసేయండి, టీమ్ షీట్ వచ్చాక వచ్చే ఆర్టికల్ మాత్రం వదలొద్దు. ఇప్పుడు 2026లో ఆల్ బ్లాక్స్ (న్యూజిలాండ్ టీమ్) సౌతాఫ్రికా టూర్‌కి నాలుగు టెస్టులు, మూడు అక్కడ, నాలుగోది అమెరికాలో బాల్టిమోర్‌లో. జోహన్నెస్‌బర్గ్ సముద్రమట్టానికి 1,700 మీటర్ల పైన ఉంటుంది, అక్కడ కిక్ ఎక్కువ దూరం పోతుంది, ఊపిరి తొందరగా అయిపోతుంది, కేప్‌టౌన్‌లో అలా ఉండదు. 2023 వరల్డ్ కప్ ఫైనల్లో బెంచ్ మీద ఏడుగురు ఫార్వర్డ్స్‌ని (ముందు వరసల బరువైన ఆటగాళ్ళని) కూర్చోబెట్టిన సౌతాఫ్రికా ఆ ఎత్తులో బెంచ్‌ని ఎలా వాడుతుందో రాస్తే ఈసారి కూడా డబ్బులు కడతా. నా మటుకు జోహన్నెస్‌బర్గ్‌లో మొదటి టెస్టు సౌతాఫ్రికాదే, కేప్‌టౌన్‌లో టైట్ మ్యాచ్, అది కూడా టీమ్ షీట్ చూశాకే ఫైనల్ చేస్తా.