మిషన్ శిక్షణ శిబిరానికి వెళ్లే ముందు: ఉండి చూసినవి, అడగాల్సినవి

క్రైస్తవ సువార్త సేవకు సిద్ధం చేసే మిషన్ ట్రైనింగ్‌కి వెళ్లాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది "అక్కడ ఎవరు బోధిస్తారు?" అని. నేనైతే "అక్కడ రోజు ఎలా గడుస్తుంది?" అని అడగమంటాను. బోధకులు చాలాచోట్ల వారానికొకరు వచ్చి వెళ్తుంటారు. పక్క మంచం మీద పడుకునే మనిషి మాత్రం మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా మీతోనే ఉంటారు. కొన్ని శిబిరాల్లో విద్యార్థిగా, కొన్నింట్లో సహాయకురాలిగా ఉన్నాను, మరికొన్ని చూసి వచ్చాను. బైబిల్ వాక్యం ఎంత బాగా చెప్పారన్నదాని కన్నా, కలిసి బతకడం ఎలా నేర్పారన్నదే నా మనసులో నిలిచింది.

ఈ ఆలోచన పాతదే. 1934లో విలియం కామరన్ టౌన్‌సెండ్ అమెరికాలోని అర్కాన్సాస్ రాష్ట్రంలో క్యాంప్ విక్లిఫ్ మొదలుపెట్టినప్పుడు వచ్చిన విద్యార్థులు ఇద్దరే. రాత లేని భాషలను విని రాసుకోవడం, బైబిల్ అనువాదానికి సిద్ధపడడం అక్కడ నేర్పేవారు. తర్వాత పదేళ్లకు పైగా గడిచాక, అదే పరిచర్యకు సంబంధించినవాళ్లు దక్షిణ మెక్సికోలోని చియాపస్ అడవుల్లో జంగిల్ క్యాంప్ పెట్టారు. గుడిసె కట్టుకోవడం, చిన్న పడవ నడపడం, బరువు మోసుకుంటూ దూరాలు నడవడం అక్కడి పాఠాలు. భాష ఎంత బాగా వచ్చినా, ఆ చోట బతకడం రాకపోతే మనిషి నిలవలేడని వాళ్లకు తెలుసు.

ఇప్పుడున్న శిబిరాలను నేను మూడు రకాలుగా చూస్తాను. మొదటిది క్యాంపస్ లాంటి బేస్, అంటే సంస్థకు ఒక ఊళ్లో ఉండే శిక్షణ కేంద్రం. 1960లో లోరెన్ కన్నింగ్‌హామ్ ప్రారంభించిన యూత్ విత్ ఎ మిషన్, అందరూ వైవామ్ అనేది, ఈ పద్ధతికి బాగా తెలిసిన ఉదాహరణ. వాళ్ల డీటీఎస్‌లో, అంటే డిసైపుల్‌షిప్ ట్రైనింగ్ స్కూల్‌లో, సుమారు 12 వారాలు పాఠాలు, ఆ తర్వాత 8 నుంచి 12 వారాలు ఔట్‌రీచ్, అంటే బయట ప్రాంతాలకు వెళ్లి చేసే సేవ. ప్రతి బేస్ తన నిర్వహణ తనే చూసుకుంటుంది కాబట్టి వసతి, ఫీజు, నియమాలు ఒక చోట ఉన్నట్టు ఇంకో చోట ఉండవు. అందుకే సంస్థ గురించి కాదు, మీరు వెళ్లబోయే ఆ బేస్ గురించి వాకబు చేయాలి. కుదిరితే కిందటి బ్యాచ్‌లో చేసినవాళ్లతో ఫోన్‌లో మాట్లాడాలి.

రెండోది గుడారాల శిబిరం. ఫ్లోరిడాలోని మెరిట్ ఐలాండ్‌లో టీన్ మిషన్స్ ఇంటర్నేషనల్ టీనేజర్లకు నడిపే బూట్ క్యాంప్ ఇందులో పేరున్నది. సేవచేసే చోటికి పంపేముందు గుడారాల్లో ఉంచి, జట్టుగా అడ్డంకుల పరుగు దాటించి, చేతిపనులు నేర్పి పంపిస్తారు. మూడోది ఓడ. ఆపరేషన్ మొబిలైజేషన్ అనే మిషన్ సంస్థ వారి ఓడ లోగోస్ హోప్ 2009 నుంచి రేవులు తిరుగుతోంది. అందులో పనిచేసేవాళ్లంతా జీతం లేని వాలంటీర్లే, ఎక్కువమంది రెండేళ్లకు ఒప్పుకుని వస్తారు. ఏ విభాగంలో వేస్తే అక్కడ చేయాలి. ఇంజిన్ రూమ్ కావచ్చు, వంటగది కావచ్చు, పుస్తకాల ప్రదర్శన కావచ్చు. వేదికెక్కి సువార్త చెప్పాలని ఆశపడి వెళ్లేవాళ్లు ఈ సంగతి ముందే మనసుకు తెచ్చుకోవాలి. ఏకాంతం లేకపోతే ఉండలేని మనిషికి ఓడ చాలా కష్టం. పద్దెనిమిది, ఇరవై ఏళ్లవాళ్లు మొదటిసారి వెళ్తుంటే నా ఓటు బేస్‌కే.

వసతి విషయంలో ఎక్కువచోట్ల గదికి నలుగురి నుంచి ఎనిమిది మంది, అంతస్తుల మంచాలు. నేనున్న ఒక గదిలో అందరికీ కలిపి ఒక్కటే ప్లగ్ పాయింట్. మొదటి వారం ఫోన్ చార్జింగ్ దగ్గరే మాటామాటా పెరిగింది. మా గది లీడరక్క ఒక కాగితం మీద ఎవరికి ఏ గంట అని రాసి గోడకు అంటించింది, గొడవ అక్కడితో తీరిపోయింది. పవర్ బ్యాంకు, పొడవు వైరున్న ఎక్స్‌టెన్షన్ బాక్సు, చెవులకు ఇయర్ ప్లగ్స్, తలకు కట్టుకునే టార్చి తప్పకుండా పెట్టుకోండి. లైట్లు ఆర్పాక పై మంచం నుంచి దిగాల్సి వచ్చినప్పుడు ఆ టార్చి విలువ తెలుస్తుంది. దుప్పటి, దిండు వాళ్లిస్తారా, మనమే తీసుకెళ్లాలా అని మెయిల్‌లో రాయించుకోండి.

గుడారంలో సంగతి వేరు. అక్కడ నేను అన్నిటికన్నా జాగ్రత్తగా చూసుకున్నది బూట్లు. వాన పడిన రాత్రి తడిసిన బూట్లలోంచి అడుగు అట్ట బయటికి లాగి, లోపల పాత న్యూస్‌పేపర్ ఉండలు కుక్కి, తలకిందులుగా ఆనించి పెడితే తెల్లారేసరికి చెమ్మ చాలావరకు లాగేస్తుంది. మధ్యలో లేచి ఒకసారి కాగితాలు మారిస్తే ఇంకా మంచిది. కొత్త బూట్లు కొని నేరుగా శిబిరానికి వేసుకెళ్లొద్దు. కనీసం నెల ముందు నుంచి రోజూ వేసుకుని నడిచి కాళ్లకు అలవాటు చేయాలి. కాలికి పొక్కులొచ్చి మూడో రోజే కూర్చుండిపోయిన పిల్లల్ని చూశాను, పాపం వాళ్ల ఏడుపు నొప్పికి కాదు, జట్టు వెనకబడుతోందని. బట్టలు బకెట్లోనే ఉతుక్కోవాలి కాబట్టి తొందరగా ఆరేవి తీసుకెళ్లండి, జీన్స్ ఒకటి చాలు.

వర్క్ డ్యూటీ లేని శిబిరం నేనెక్కడా చూడలేదు. గిన్నెలు తోమడం, బాత్రూములు కడగడం, తోటపని, వంతులవారీగా అందరికీ పడతాయి. ఖర్చు తగ్గించడానికి ఇలా చేస్తారని కొందరు చిన్నచూపు చూస్తారు, నాకది నచ్చదు. క్లాసులో తగ్గింపు, అంటే వినయం గురించి గంటసేపు విని రాసుకున్నవాళ్లు బాత్రూమ్ బ్రష్ చేతికొచ్చినప్పుడు ఏం చేస్తారో అక్కడే కనబడుతుంది. లీడర్లు కూడా ఆ వంతుల పట్టికలో ఉన్నారా అన్నది నేను ప్రత్యేకంగా చూస్తాను. ఉన్న చోట వాతావరణమే వేరుగా ఉంటుంది. లేని చోట రెండు వారాల్లో గుసగుసలు మొదలవుతాయి.

శిబిరం నిర్వహణలో నన్ను బాగా బాధపెట్టినవి రెండు. ఒకచోట జ్వరం వచ్చిన అమ్మాయిని వేరే గది లేక మా మధ్యే పడుకోబెట్టారు, వారం తిరిగేసరికి గదిలో సగం మంది మంచాన పడ్డారు. ఇంకోచోట ఔట్‌రీచ్‌కి కట్టాల్సిన సొమ్ము మధ్యలో పెంచారు. ముందు కాగితం మీద లేదు కాబట్టి అడగడానికీ లేదు. ఫీజులో ఏమేం కలిసి ఉన్నాయి, ఔట్‌రీచ్ ప్రయాణం, వీసా, ఇన్సూరెన్స్ అందులోనివేనా, మధ్యలో ఇంటికి రావాల్సి వస్తే ఎంత వెనక్కిస్తారు, సిక్ రూమ్ ఉందా, దగ్గరి ఆసుపత్రి ఎంత దూరం, ఇవన్నీ రాతపూర్వకంగా తీసుకోవాలి. విశ్వాసంతో వెళ్తున్నప్పుడు ఇలా అడగడం బాగుండదేమో అని మొహమాటపడొద్దు. మంచి శిబిరంవాళ్లు ఈ ప్రశ్నలకు సంతోషంగా జవాబిస్తారు. పాస్‌పోర్టు మాత్రం ఎవరు అడిగినా పూర్తిగా అప్పగించేయకండి, కాపీ ఇచ్చి అసలు మీ దగ్గరే ఉంచుకోండి. దాని గడువు ప్రయాణం తర్వాత ఇంకా ఆరు నెలలకు పైగా ఉండేలా చూసుకోండి, చాలా దేశాలు అడుగుతాయి.

ఆరోగ్యం పనులు నెలన్నర, రెండు నెలల ముందే మొదలుపెట్టాలి. కొన్ని దేశాలకు ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ తప్పనిసరి. అది టీకా వేసిన 10 రోజుల తర్వాతే చెల్లుతుంది. 2016 నుంచి ఒకసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుబాటు. మలేరియా ఉన్న చోటికైతే మాత్రలు డాక్టరు చెప్పినట్టే వాడాలి. డాక్సీసైక్లిన్ అయితే ఆ ప్రాంతం వదిలాక కూడా నాలుగు వారాలు మింగాలి. ఇంటికొచ్చేశాం కదా అని మానేసేది ఇక్కడే. ఓఆర్ఎస్ పొట్లాలు దగ్గర పెట్టుకోండి. అవి అయిపోతే లీటరు శుభ్రమైన నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి తాగొచ్చు. చెంచా అంటే టీ స్పూను, తలగొట్టి కొలవాలి. నీళ్లను బుడగలు పొంగేలా ఒక నిమిషం మరిగిస్తే చాలు, బాగా ఎత్తైన కొండప్రాంతాల్లో మూడు నిమిషాలు.

ఆత్మీయ సిద్ధపాటు గురించి అందరూ చెబుతారు కాబట్టి నేను ఒక్క సంగతి మీదే నిలబడతాను: సాక్ష్యం, అంటే దేవుడు మీ జీవితంలో ఏం చేశాడో చెప్పడం. ఔట్‌రీచ్‌లో మిమ్మల్ని ఉన్నట్టుండి లేపి "మూడు నిమిషాల్లో చెప్పండి" అంటారు. ఎక్కువసార్లు పక్కన అనువాదకుడు ఉంటాడు, అంటే మీకు దక్కేది ఒకటిన్నర నిమిషమే. ఇంట్లోనే ఒకరిని పక్కన నిలబెట్టుకుని అభ్యాసం చేయండి. ఒక చిన్న వాక్యం పూర్తిగా చెప్పి ఆగాలి. వాక్యం మధ్యలో ఆపితే అనువాదకుడు ఇరుక్కుపోతాడు, ఎందుకంటే అతని భాషలో క్రియ ఎక్కడొస్తుందో మీకు తెలియదు. రక్షణ, అభిషేకం, భారం లాంటి సంఘంలో వాడే మాటలు వినేవాళ్లకు తెలియకపోవచ్చు. వాటి బదులు జరిగింది జరిగినట్టు చెప్పాలి. పొద్దున్నే లేచి ప్రార్థన చేసుకునే అలవాటు కూడా ఇంటి దగ్గరే పడాలి. అక్కడ గంట కొట్టి లేపుతారులే అనుకుంటే మొదటి నెలంతా క్లాసులో నిద్రతోనే సరిపోతుంది.

ఖర్చులకు సాయం కోరుతూ తెలిసినవాళ్లకు పంపే సపోర్ట్ లెటర్ రాసేటప్పుడు ఎంత కావాలో, దేనికి కావాలో సూటిగా రాయండి. డబ్బు ఇవ్వలేనివారిని ప్రార్థన భాగస్వాములుగా ఉండమని అడగండి. వెళ్లాక నెలకొక ఉత్తరమైనా వాళ్లకు రాయాలి, డబ్బు ఇచ్చినవాళ్లకే కాదు. ఇంట్లోవాళ్లకు ఫోన్ ఏ రోజు, ఏ సమయానికి చేయగలరో శిబిరం వాళ్లను కనుక్కుని ముందే చెబితే అమ్మానాన్నలకు టెన్షన్ ఉండదు. కొన్నిచోట్ల వారంలో కొన్ని గంటలే ఫోన్ ఇస్తారు.

చాలామంది అడగడం మరచిపోయేది తిరిగొచ్చాక ఏమిటని. ఔట్‌రీచ్ అయ్యాక రెండు మూడు రోజులైనా కూర్చోబెట్టి, చూసినవి, బాధపడినవి మాట్లాడించే డీబ్రీఫింగ్ ఉన్న శిబిరాన్నే నేను ఎంచుకుంటాను. పేదరికం, మరణం దగ్గరగా చూసి వచ్చిన పిల్లలకు అది నిజంగా అవసరం. అది ఉందో లేదో ఫీజు కట్టకముందే కనుక్కోండి. లేదంటే మీ సంఘంలో బాగా వినే ఒక పెద్దను ఎంచుకుని, ఫలానా వారం నేను తిరిగొస్తాను, నాకోసం రెండు సాయంత్రాలు ఉంచండని వెళ్లకముందే అడిగి పెట్టుకోండి.