ఎక్స్‌ఆర్‌ఎఫ్ గన్నా, ల్యాబ్ టెస్టా: రా మెటీరియల్ చెకింగ్‌కు ఏది మేలు?

అనంతపురం, హిందూపురం వైపు నుంచి బెంగళూరు కంపెనీలకు ఏరోస్పేస్ జాబ్‌వర్క్ చేసే మిత్రులు మళ్ళీ మళ్ళీ అడుగుతున్నారు: “సార్, ఆడిట్ దగ్గరికొచ్చింది. గన్ కొనేద్దామా, శాంపిల్ ల్యాబ్‌కు పంపితే సరిపోతుందా?” గన్ అంటే లోహం మీద ఎక్స్‌రే వేసి అందులో ఏ మూలకాలు ఎంతున్నాయో చూపే చేతి పరికరం. మా షాపులో ఈ మధ్యే తేల్చుకున్నాం. గన్ కొనలేదు.

ఏరోస్పేస్ క్వాలిటీ స్టాండర్డ్ అయిన ఏఎస్ 9100 రివిజన్ డి 8.4.2 క్లాజ్‌లో ఉన్నవి రెండు వేర్వేరు పనులు. సప్లయర్ ఇచ్చే టీసీ (టెస్ట్ సర్టిఫికెట్) మీద ఆధారపడితే అందులోని అంకెలను స్పెసిఫికేషన్‌తో సరిచూడాలి. ఆ మెటీరియల్‌తో రిస్క్ ఎక్కువని కస్టమరో మనమో గుర్తిస్తే, అసలు ఆ అంకెలు నిజమేనా అన్నది కూడా తేల్చుకోవాలి. ఎలా, ఎన్నాళ్ళకోసారి అన్నది మనమే రాసుకోవాలి. చాలామంది మొదటిది చేసి, టీసీ మీద సంతకం పెట్టి, రెండోదీ అయిపోయిందనుకుంటారు.

గన్ పనికిరానిదని కాదు. ముక్క కోయకుండా కొన్ని సెకన్లలో గ్రేడ్ చెబుతుంది. 6061 అల్యూమినియం బార్లలో జింక్ ఎక్కువుండే 7075 గ్రేడ్ కలిస్తే ఇట్టే పట్టేస్తుంది. కార్బన్ మాత్రం చదవలేదు, కాబట్టి కార్బన్‌లోనే తేడా ఉండే 304, 304ఎల్ స్టెయిన్‌లెస్ స్టీళ్ళను వేరు చేయలేదు. అంతకన్నా పెద్ద లోటు టెంపర్, అంటే హీట్ ట్రీట్‌మెంట్‌తో లోహానికి వచ్చిన గట్టిదనం. మెత్తటి 6061-ఓ, గట్టిపరచిన 6061-టీ6 రెండింటి కెమిస్ట్రీ ఒకటే. ఏఎస్‌టీఎం బీ221 ప్రకారం టీ6 బార్‌కు టెన్సైల్ (లాగితే తెగకుండా తట్టుకునే బలం) కనీసం 260 మెగాపాస్కల్ ఉండాలి, ఓ అయితే 150 దాటకూడదు. గన్ రెండింటినీ 6061 అనే చూపిస్తుంది. మండీలో శెనక్కాయల రంగు చూసి ధర కట్టరు కదా, పిడికెడు ఒలిచి పప్పు తూకం చూస్తారు.

టీసీనే నమ్మితే ఏమవుతుందో చూడండి. 2009లో ఓసీఓ, 2011లో గ్లోరీ అనే నాసా ఉపగ్రహాలు పోయింది టారస్ ఎక్స్‌ఎల్ రాకెట్ ముందు కవచం విడిపోకనే. అందులో వాడిన అల్యూమినియం ఎక్స్‌ట్రూషన్లకు (అచ్చులోంచి నెట్టి చేసిన భాగాలకు) వాటి తయారీ కంపెనీ సాపా ప్రొఫైల్స్ టెన్సైల్ ఫలితాలు మార్చి టీసీలు ఇచ్చిందని నాసా 2019లో వెల్లడించింది. నష్టం 70 కోట్ల డాలర్ల పైమాటే. టీసీలో అంకెలన్నీ స్పెసిఫికేషన్ లోపలే ఉంటే, పోల్చి చూసినవాడికి అనుమానమెందుకు వస్తుంది?

అందుకే నా ఓటు ల్యాబ్‌కు. ప్రతి లాట్‌కూ అక్కర్లేదు. రిస్క్ ఉన్న గ్రేడ్లకు, కొత్త సప్లయర్‌కు తప్పనిసరి, మిగతావాళ్ళకు అప్పుడప్పుడూ. ఆర్డర్‌లోనే టెస్ట్ కోసం ఒక అడుగు పొడవు ముక్క ఎక్కువ రాయండి. కోసే ముందే హీట్ నంబర్ (ఆ లోహం కరిగించిన బ్యాచ్ నంబర్) ముక్క మీదికి పంచ్ చేయండి, లేకపోతే ఆ రిపోర్ట్ ఏ బార్‌దో ఆడిటర్‌కు చెప్పలేరు. రాత్రి బస్సులో పార్సిల్ వేస్తే తెల్లారేసరికి బెంగళూరు చేరుతుంది. ల్యాబ్‌కు ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉందంటే చాలదు, మీకు కావలసిన టెస్ట్ దాని స్కోప్‌లో, అంటే గుర్తింపు పొందిన టెస్టుల జాబితాలో ఉందో లేదో చూడండి. షాపులో ఒక హార్డ్‌నెస్ టెస్టర్ ఉంటే మెత్తబడిన బార్ అక్కడే దొరుకుతుంది.

లోహం మీద స్పార్క్ పుట్టించి ఆ వెలుగుతో మూలకాలు చెప్పే పోర్టబుల్ ఓఈఎస్ కార్బన్ చదువుతుంది కానీ ఖర్చెక్కువ, బార్ మీద కాలిన మచ్చ కూడా పడుతుంది. తయారీదారుతో పాటు కొనుగోలుదారు ప్రతినిధి లేదా అధికారిక ఇన్‌స్పెక్టర్ కూడా ధ్రువీకరించే ఈఎన్ 10204లోని 3.2 సర్టిఫికెట్ మంచిదే. చిన్న ఆర్డర్లకు అడిగినా సాధారణంగా ఇవ్వరు.

ఒకే షెడ్డులో నాలుగైదు అలాయ్‌లు, తెగిన ముక్కలు కలగలిసి ఉండే షాపులకు మాత్రం గన్ కొనమనే చెబుతాను. అదీ ల్యాబ్ ఖర్చు బడ్జెట్‌లో పెట్టుకున్నాకే.