హుద్‌హుద్‌లో నలిగిన కారు, మా 800లో పదేళ్లుగా

మా నాన్న విశాఖ స్టీల్ ప్లాంట్‌లో పనిచేసేటప్పుడు 1998లో కొన్న మారుతి 800 ఇది. ఏపీ 31 నంబరు, కార్బురేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజిన్‌కు పంపే పాత తరహా పరికరం) ఉన్న బండి, నాలుగు గేర్లు. 2015 ఆగస్టులో దీనికి ఇంజిన్, గేర్‌బాక్సు, యాక్సిల్స్, వైరింగ్, పెట్రోలు ట్యాంకు, డ్యాష్‌బోర్డు, ముందు సీట్లు అన్నీ ఇంకో 800 నుంచి తీసి బిగించాం. అప్పటి నుంచి 78 వేల కిలోమీటర్లు తిరిగింది. కొత్తలో ఏ మార్పయినా బాగానే అనిపిస్తుంది. పదేళ్ల ఉప్పుగాలి తర్వాత ఏది నిలబడింది, ఏది నిలబడలేదు అనేది ఇప్పుడైతే ధైర్యంగా చెప్పగలను.

పార్టులు ఇచ్చిన కారు 2002 నాటి ఫైవ్ స్పీడ్ 800. ఈ మోడల్ 2000లో వచ్చింది. సీసీ అదే 796, కానీ సిలిండర్‌కు నాలుగు చొప్పున 12 వాల్వులు, కార్బురేటర్ బదులు ఎంపీఎఫ్ఐ (కంప్యూటర్ లెక్క ప్రకారం ఒక్కో సిలిండర్‌కు పెట్రోలు చిమ్మే పద్ధతి), 45 బీహెచ్‌పీ. మా పాత ఇంజిన్‌కు ఆరు వాల్వులే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మురళీనగర్‌లో ఒక ఇంటి ముందు ఆగి ఉన్న ఆ కారు మీద తురాయి చెట్టు పడింది. వెనక సగం పూర్తిగా నలిగింది, ముందు సగానికి గీత కూడా పడలేదు. ఓనరుగారికి థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు మాత్రమే ఉంది. బాడీ పనికి అయ్యే ఖర్చు కారు విలువ దాటిపోవడంతో ఎనిమిది నెలలు టార్పాలిన్ కప్పి వదిలేశారు. 28 వేలకు ఇచ్చారు.

మొదట నేను ఇంజిన్, గేర్‌బాక్సు మాత్రమే కొందామనుకున్నాను. ఆటోనగర్‌లో మాకు ఎప్పుడూ పనిచేసే మెకానిక్ ఒప్పుకోలేదు. "బండి మొత్తం కొనీండి బాబూ. ఇంజిన్ ఎక్కడైనా దొరుకుద్ది. దాని బ్రాకెట్టు, దాని క్లిప్పు, దాని బోల్టు ఎక్కడ దొరుకుతాయేటి?" అన్నాడు. నేను ఈ పదేళ్లలో విన్న సలహాల్లో అంత విలువైనది ఇంకొకటి లేదు. గేర్‌బాక్సు వైపు మౌంటింగ్ బ్రాకెట్, గేర్ రాడ్లు, యాక్సిలరేటర్ కేబులు, రేడియేటర్ గొట్టాలు, ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే చిన్న కంప్యూటర్) బిగించే చిన్న రేకు ముక్క, ఇలా విడిగా అడిగితే ఏ పాత సామాన్ల కొట్టులోనూ దొరకనివి అన్నీ పక్కనే నిలబడి ఉన్న కారులో ఉన్నాయి. ఏ వైరు ఎటు నుంచి వెళ్లిందో అనుమానం వచ్చినప్పుడల్లా వెళ్లి దాన్ని చూసొచ్చేవాళ్లం. అందుకే పని పూర్తయ్యేదాకా దాన్ని తుక్కుకు వేయలేదు.

కొనే ముందు చేసిన పరీక్షలు చెప్తాను. ఎనిమిది నెలలు కదలని ఇంజిన్‌కు నేరుగా సెల్ఫ్ కొట్టకూడదు. ప్లగ్గులు విప్పి, ఒక్కో సిలిండర్‌లో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి, ఒక రాత్రి వదిలేసి, మర్నాడు పుల్లీ బోల్టుకు పానా పెట్టి చేత్తో తిప్పాం. బిగుసుకోకుండా తిరిగింది. ఆ తర్వాతే బ్యాటరీ పెట్టి, క్యాన్‌లో కొత్త పెట్రోలు తెచ్చి స్టార్ట్ చేశాం. సిలిండర్‌లో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజి పెడితే మూడు సిలిండర్లూ దాదాపు ఒకటే చూపించాయి. ముందు చక్రాలు జాకీ మీద లేపి అయిదు గేర్లూ, రివర్సూ వేసి చూశాం. ఒరిజినల్ ఆర్సీ, అమ్మకం కాగితం, ఓనరుగారి గుర్తింపు కార్డు కాపీ తీసుకుని, ఇంజిన్ మీద చెక్కిన నంబరును ఆర్సీతో పోల్చుకున్నాకే డబ్బులిచ్చాను. కాగితాలు లేని ఇంజిన్ ఎంత బాగున్నా ముట్టుకోవద్దు.

పది రోజుల పని అన్నది అయిదు వారాలు పట్టింది. ఇంజిన్ దించడం, ఎక్కించడం రెండు రోజుల పనే. మిగతా కాలమంతా వైరింగ్ తినేసింది. కార్బురేటర్ బండికి పెట్రోలు పంపు ఇంజిన్ మీదే ఉంటుంది, ఎంపీఎఫ్ఐకి ట్యాంకులో మునిగి ఉంటుంది. కాబట్టి ట్యాంకు, పైపులు, మిగిలిన పెట్రోలు వెనక్కి వచ్చే రిటర్న్ లైను అన్నీ మార్చాలి. ఈసీయూకు సెన్సర్ల నుంచి వచ్చే వైర్లు డ్యాష్‌బోర్డు వెనక నుంచి వెళ్తాయి. మేము మొదట పిలిచిన ఎలక్ట్రీషియన్ హడావిడిలో ఆ కట్టను కనెక్టర్ల దగ్గర ఊడదీయకుండా కటింగ్ ప్లేయర్‌తో మధ్యలో తెంపేశాడు. దాన్ని రంగు చూసి రంగు కలిపి, సోల్డర్ చేసి, స్లీవ్ వేసి సరిచేయడానికి ఇంకొకాయనకు ఎనిమిది రోజులు పట్టింది. ఆ రోజుల్లో నాకు నిద్ర లేదు, నిజంగా టెన్షన్ పడ్డాను. మీ పని జరిగేటప్పుడు వైరింగ్ విప్పే రోజు మీరు దగ్గరుండండి. ప్రతి కనెక్టర్‌కూ బట్ట ప్లాస్టర్ చుట్టి పెన్నుతో నంబరు రాయండి.

బండి బయటికొచ్చిన మొదటి నెలలో రెండు బాధలు. ఎడమవైపు యాక్సిల్ దగ్గర ఆయిల్ సీల్ కారి గేర్ ఆయిల్ నేల మీద పడింది. పాత సీలే మళ్లీ వాడటం మా తప్పు. ఇంకోటి, హనుమంతవాక సిగ్నల్ దగ్గర ఉన్నట్టుండి ఇంజిన్ ఆగిపోయేది, ఇంజిన్‌లో లోపం ఉందని చెప్పే చెక్ ల్యాంపు మినుకుమినుకుమనేది. సెన్సర్లు మార్చమన్నారు కొందరు. చివరికి తేలింది ఏమిటంటే, ఇంజిన్ నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ తీగ బిగించిన చోట పాత పెయింటు గీకలేదు. కార్బురేటర్ బండి అలాంటి ఎర్త్‌తో కూడా నడిచేస్తుంది, ఈసీయూ ఒప్పుకోదు. సముద్రం పక్క ఊరు కాబట్టి ఆ పాయింట్లు ఏటా వానాకాలం అయ్యాక విప్పి, గరుకు కాగితంతో రుద్ది, వ్యాజలీన్ పూసి బిగిస్తున్నాను. మళ్లీ ఆ ఇబ్బంది రాలేదు.

ఇక లోపలి సామాను. చెట్టు పడినప్పుడు అద్దాలు పగిలి సీట్లలోకి వాన కొట్టింది. కవర్లు ఊడదీస్తే లోపలి స్పాంజి పుల్లటి వాసన వేసింది. సబ్బునీళ్లలో ఉతికి, మేడ మీద ఆరు రోజులు ఎండబెట్టి, కొత్త కవర్లు కుట్టించాం. వెనక సీటు మాత్రం మాదే ఉంచాం, దానిది నలిగిపోయింది. సీటు పట్టాల కింద తుప్పు గీకి ప్రైమర్ వేయించాం, లేకపోతే సీటు జరగదు. నాన్నకు అప్పటికే మోకాళ్ల నొప్పులు. మా పాత ముందు సీటు స్పాంజి అణిగిపోయి నేలకు దిగిపోయినట్టు ఉండేది, దిగేటప్పుడు ఆయన తలుపు పట్టుకుని మూలిగేవారు. ఈ సీటులోంచి ఆయన తనంతట తాను లేచి దిగిన రోజు అమ్మ ముఖం చూశాక, అయిదు వారాల కష్టం నాకు గుర్తు లేదు.

డ్యాష్‌బోర్డు మార్చాలనే సరదాతో మార్చలేదు. చెక్ ల్యాంపు ఉన్న మీటర్ బోర్డు కావాలి, వైరింగ్ కట్ట దానితోనే ముడిపడి ఉంది, అందుకే మొత్తం తెచ్చాం. అయితే మీటర్ మారితే కిలోమీటర్లూ మారిపోతాయి. మాది లక్షా 12 వేల దగ్గర ఆగింది, కొత్తది 61 వేల నుంచి మొదలైంది. ఆ రెండు అంకెలూ తేదీతో సహా సర్వీసు పుస్తకంలో రాసి మెకానిక్ చేత సంతకం పెట్టించాను. ఎప్పుడైనా అమ్మితే కొనేవాళ్లకు ఆ పేజీ చూపించాలి.

ఇంజిన్ మార్చాక పద్నాలుగు రోజుల్లోగా ఆర్టీఓ ఆఫీసులో తెలియజేసి ఆర్సీలో కొత్త ఇంజిన్ నంబరు ఎక్కించుకోవాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌లోనే ఉంది. మేము ముందే అర్జీ పెట్టి, పని అయ్యాక బండి చూపించి రాయించుకున్నాం, ఇన్సూరెన్సు కంపెనీకి కూడా తెలిపాం. పదిహేనేళ్లు దాటిన బండికి అయిదేళ్లకోసారి రెన్యువల్ ఉంటుంది కదా, 2018లోనూ 2023లోనూ ఆ నంబరు దగ్గర ఒక్క ప్రశ్న రాలేదు. రెన్యువల్ ఫీజు మాత్రం 2022 ఏప్రిల్‌లో పెంచారు, 2023లో అది 5 వేలు ఉండేది.

ఖర్చు: కారు 28 వేలు, కూలి 22 వేలు, టైమింగ్ బెల్టు, క్లచ్ సెట్, సీళ్లు, మౌంటింగులు, గొట్టాలు కలిపి 16,500, సీట్ల కుట్టు 5,500. మొత్తం 72 వేలు. మిగిలిన తలుపులు, బానెట్, తుక్కు అమ్మితే 9 వేలు తిరిగొచ్చాయి.

నడపడంలో తేడా చెప్పాలంటే సింహాచలం ఘాట్ రోడ్డు చాలు. ముందు రెండో గేరులో అరుచుకుంటూ ఎక్కేది, ఇప్పుడు చాలా మలుపులు మూడులో తీసుకుంటుంది. 2016లో నలుగురం ఎస్.కోట మీదుగా అరకు వెళ్లాం. పాత ఇంజిన్ అనంతగిరి దాటాక తడబడేది, గాలి పలచబడిన కొద్దీ కార్బురేటర్ పెట్రోలు ఎక్కువ పోసేది. ఇది ఆ తేడా తెలియనివ్వలేదు. భీమిలి రోడ్డు మీద 80లో అయిదో గేరు వేస్తే వెనక సీటులో వాళ్ల మాట వినబడుతుంది. ఊళ్లో లీటరుకు 17, హైవే మీద 20 పైన ఇస్తోంది. ముందు ఊళ్లో 14 దాటేది కాదు.

గేర్‌బాక్సు ఇంతవరకు విప్పలేదు. క్లచ్ ప్లేటు 2021లో ఒకసారి, ట్యాంకులోని పంపు 2022లో ఒకసారి మారాయి. టైమింగ్ బెల్టు కూడా ఒకసారి మార్పించాను. నిరాశపరిచింది ఆ కారు నుంచి తెచ్చిన ఏసీ. ఉప్పుగాలికి కండెన్సర్ మూడేళ్లకే చిల్లులు పడింది, రెండోది 2023లో పోయింది. డ్యాష్‌బోర్డు ఎడమ మూల రాళ్ల రోడ్డు మీద కిరకిరమంటుంది, ఎంత స్పాంజి కుక్కినా పోలేదు.

మారుతి ఎస్టీమ్ కారు ఇంజిన్ 800లో పెట్టించుకోవచ్చా అని కుర్రాళ్లు అడుగుతుంటారు. వద్దు. 1300 సీసీ బలానికి ఈ 12 అంగుళాల చక్రాలు, ఈ బ్రేకులు సరిపోవు. పైగా కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టంగా చెప్పింది. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు ముందు నిలబడలేరు.

ఈ మధ్య డ్రైవర్ కాళ్ల దగ్గర కార్పెట్ ఎత్తి చూస్తే ఫ్లోరు రేకు వేలితో నొక్కితే లోపలికి పోయింది. ఇంజిన్ బాగుంది, సీట్లు బాగున్నాయి, మా సొంత బాడీయే తుప్పు పడుతోంది. వానలు తగ్గగానే టింకరింగ్‌కు ఇస్తున్నాను, సీట్లన్నీ మళ్లీ విప్పాలి. ఆ బోల్టులు పెట్టిన డబ్బా మీద 2015లో రాసిన చీటీ ఇంకా ఉంది.